తప్పినా దారి మిగలాలి

చాలా ఆటల్లో స్కోరు సున్నాతో మొదలై పైకి పోతుంది. డార్ట్స్‌లో 501తో మొదలై కిందికి దిగుతుంది. వేసిన ప్రతి డార్ట్ విలువనూ అందులోంచి తీసేస్తూ పోతారు. ముందుగా ఎవరు సరిగ్గా సున్నాకు చేరితే ఆ లెగ్ వాళ్లది. ఆ చేరడానికి కూడా ఒక షరతు ఉంది. ఆఖరి డార్ట్ బోర్డు అంచున, అంకె రెట్టింపయ్యే సన్నటి డబుల్ వలయంలో గానీ, నట్టనడిమి బుల్‌లో గానీ దిగాలి. ఒక్క పాయింటు ఎక్కువ కొట్టినా, సరిగ్గా ఒకటి మిగిలినా ఆ విడతలో (విడతకు మూడు డార్ట్‌లు) వేసినవన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి.

ఈ ఒక్క నియమం వల్ల డార్ట్స్ ఆడేవాళ్లకు మిగతావాళ్లకు లేని అలవాటు పడుతుంది. వాళ్లు చివరి నుంచి మొదటికి ఆలోచిస్తారు. ఇప్పుడు ఎంత వస్తుందన్నది వాళ్లకు రెండో ప్రశ్న. ఇది వేశాక ఏమి మిగులుతుందన్నది మొదటిది. ఇష్టమైన విద్యనే బతుకుతెరువు చేసుకోవాలనుకునే ఎవరికైనా, అది పాటైనా కోడింగ్ అయినా బొమ్మలు గీయడమైనా, ఈ అలవాటు ఎంతో పనికొస్తుందని నా గట్టి నమ్మకం. అందుకే ఈ అధ్యాయం మొత్తం ఒక్క ఆట చుట్టూనే తిరుగుతుంది.

ముందు బోర్డు దగ్గరికి వెళ్దాం. మీరు గీత వెనక నిలబడ్డారు. మీకూ బోర్డుకూ మధ్య 2.37 మీటర్లు. డబుల్ వలయం వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలంత కూడా లేదు. స్కోరు 48 మిగిలింది. డబుల్ 24 అన్న గడి బోర్డు మీద లేదు కనుక ముందు ఒక డార్ట్‌తో అంకె తగ్గించుకుని, రెండోదానితో డబుల్ కొట్టాలి. సింగిల్ 8 వేస్తే 40 మిగిలి డబుల్ 20 కావాలి. సింగిల్ 16 వేస్తే 32 మిగిలి డబుల్ 16 కావాలి. తెలిసిన ఆటగాడు చాలాసార్లు 16 వైపే చూస్తాడు, ఎందుకంటే బోర్డు మీద 16 పక్కనే 8 ఉంది. చెయ్యి కాస్త అటు జరిగి డార్ట్ 8లో పడ్డా 40 మిగులుతుంది, పని ఆగదు. ఇంకో పక్కనున్న 7లో పడితే మాత్రం 41 మిగిలి, దాన్ని సరిచేయడానికే ఒక డార్ట్ పోతుంది. అందుకని గురి 16 గడికి సరిగ్గా నడుమ ఉండదు, వెంట్రుకవాసి 8 వైపు ఉంటుంది.

ఇక 32నే ఎందుకు అంతగా కోరుకుంటారో చూడండి. డబుల్ 16కి వేసిన డార్ట్ లోపలికి జారితే సింగిల్ 16 అవుతుంది, 16 మిగులుతుంది, డబుల్ 8 చాలు. అదీ లోపలికి జారితే 8, ఆ తర్వాత 4, ఆ తర్వాత 2. వరసగా నాలుగుసార్లు అలా జారినా ఇంకా కొట్టడానికి ఒక డబుల్ మిగిలే ఉంటుంది. 40 తీసుకుంటే 20, 10 దాకా బాగానే దిగి మూడో తప్పుకి 5 దగ్గర ఇరుక్కుంటారు. 38 అయితే మొదటి తప్పుకే 19. ఈ లెక్క తెలియనివాడికి 38, 32 కంటే వేరుగా ఏమీ కనిపించదు. తెలిసినవాడు 32 మిగిలేలా మూడు డార్ట్‌ల ముందు నుంచే చూసుకుంటాడు. పైన కూడా ఇలాంటి చిక్కులున్నాయి. 170ని మూడు డార్ట్‌లతో ముగించవచ్చు, అంతకంటే చిన్నదైన 169ని ముగించలేరు. 168, 166, 165, 163, 162, 159 కూడా అంతే. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు ఆ అంకెలు మిగలకుండా ఒక విడత ముందే జాగ్రత్తపడతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రపంచంలో అగ్రశ్రేణి ఆటగాళ్లు కూడా డబుల్‌కి వేసిన పదింటిలో నాలుగు కొడితే బాగా ఆడినట్టే. అంటే సగానికి పైగా తప్పుతారు. తప్పు ఎలాగూ జరుగుతుందని తెలిసినప్పుడు, అసలు తప్పకూడదని పట్టుబట్టడం కన్నా తప్పినా దారి మిగిలే చోట నిలబడటం తెలివైన పని. చదువులో, ఉద్యోగంలో మనం సాధారణంగా మొదటిదే చేస్తాం. ఈసారి పొరపాటు చేయనని ఒట్టు పెట్టుకుంటాం. పొరపాటు జరిగితే ఏ అంకె మిగులుతుందో చూసుకోం.

దీనికి ఎదురుగా కనిపించే కథ ఒకటుంది, దాన్ని దాటేసి ముందుకు పోవడం న్యాయం కాదు. 1983 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో జాలీస్ క్యాబరే క్లబ్. ఒకవైపు అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ఎరిక్ బ్రిస్టో. ఇంకోవైపు అర్హత పోటీల నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల కీత్ డెల్లర్. సెట్లు (కొన్ని లెగ్‌లు కలిస్తే ఒక సెట్) 5-5. బ్రిస్టో చేతిలో ఒక డార్ట్ ఉంది, 50 మిగిలింది. బుల్ కొడితే లెగ్ అతనిదే. కానీ అవతలి కుర్రాడికి 138 మిగిలి ఉంది, దాన్ని మూడు డార్ట్‌లతో ముగించడం అంత తేలిక కాదు. బ్రిస్టో బుల్ జోలికి పోకుండా సింగిల్ 18 వేసి, తనకిష్టమైన 32 మిగుల్చుకుని పక్కకు తప్పుకున్నాడు. డెల్లర్ వచ్చి ట్రిబుల్ (అంటే మూడింతలు) 20, ట్రిబుల్ 18, డబుల్ 12 కొట్టి ప్రపంచ విజేత అయిపోయాడు.

ఆ రాత్రి బ్రిస్టో చేసింది తప్పని అనేవాళ్లు నేటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. 138 ఎక్కువసార్లు ముగియదు. పదిసార్లు అదే పరిస్థితి వస్తే బ్రిస్టో పద్ధతి ఎక్కువసార్లు గెలిపిస్తుంది. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తిట్టడం మనందరికీ ఉన్న జబ్బు. పిల్లాడు ఒక పరీక్షలో పోగానే వాడి చదివే పద్ధతే పనికిరాదని తేల్చేస్తాం. పక్కింటివాడు ఉన్నదంతా ఊడ్చి పెట్టుబడి పెట్టి గెలిస్తే మొనగాడంటాం. బ్రిస్టో అలా తేల్చుకోలేదు. ఆ తర్వాత 1984, 85, 86ల్లో వరసగా మూడుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు.

అదే స్టోక్ ఊళ్లో ఫిల్ టేలర్ ఉండేవాడు. 1960లో పుట్టాడు. పింగాణీకి పేరున్న ఆ ఊళ్లో టాయిలెట్ పేపర్ తగిలించే పింగాణీ పిడులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. వారానికి 52 పౌండ్ల జీతం. బ్రిస్టో ఆ ఊరికి వచ్చి బర్స్‌లెంలో ఒక పబ్ నడిపేవాడు. టేలర్ అక్కడికి ఆడటానికి వెళ్లేవాడు. ఆట చూసిన బ్రిస్టో సుమారు 10,000 పౌండ్లు చేతిలో పెట్టాడు. ఉద్యోగం మానేసి పూర్తిగా డార్ట్స్ మీదే ఉండాలన్నది షరతు. అది దానం కాదు, అప్పు. తిరిగి కట్టాల్సిందే. 1988లో టేలర్ కెనడియన్ ఓపెన్ గెలిచాడు. 1990లో బుకీలు 125కి 1 అని లెక్కగట్టిన అనామకుడిగా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వచ్చి, ఫైనల్లో 6-1తో ఓడించింది ఎవరిననుకున్నారు? అప్పిచ్చిన బ్రిస్టోనే.

ఈ కథను వేదికలెక్కి చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపి, ‘చూశారా, ఉద్యోగం వదిలేసి దూకాడు, గెలిచాడు’ అంటారు. ఆ మాట నమ్మి ఎంతోమంది దూకుతున్నారు కాబట్టి ఇది సరిచేయాలి. టేలర్ ఉత్తి ధైర్యంతో దూకలేదు. ఇంటి ఖర్చుకు ఒకరి డబ్బు ఉంది. ఆ ఒకరు ఐదుసార్లు ప్రపంచ విజేత, ఆటలో ఎవరి స్థాయి ఎంతో చూసి చెప్పగలవాడు. పైగా మెచ్చుకోలు మాటలు చెప్పే రకం కాదు, లెక్క అడిగే రకం. వారానికి 52 పౌండ్ల పని పోతే మళ్లీ అలాంటి పని దొరకడం కూడా అసాధ్యమేమీ కాదు. లోతుగా చూస్తే టేలర్ 38 మీద నిలబడలేదు, 32 మీద నిలబడ్డాడు.

ఉద్యోగం మానేసి ఇష్టమైన పనిలోకి వెళ్లాలని మీరు ఆలోచిస్తుంటే ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి. ఎన్ని నెలలకు డబ్బుంది? మీ పని చూసి ‘ఇది చాలదు’ అని మొహం మీదే చెప్పగల, ఆ విద్యలో మీకంటే ఎంతో ముందున్న మనిషి ఎవరు? పని కుదరకపోతే ఎక్కడికి తిరిగి రాగలరు? రెండో ప్రశ్నకు అమ్మానాన్నల పేర్లు, స్నేహితుల పేర్లు రాయకండి. వాళ్లు మీ మీద ప్రేమతో చూస్తారు. బ్రిస్టోకి టేలర్ మీద పెట్టిన డబ్బు ఉంది, అందుకని ఆట వైపే చూశాడు.

టేలర్ విజేత అయ్యే నాటికి ఆటే కష్టాల్లో పడింది. 1980ల చివరికి బ్రిటన్‌లో టీవీ ప్రసారాలు ఒక్కొక్కటీ ఆగిపోయి, ఒక్క ప్రపంచ ఛాంపియన్‌షిప్ మాత్రం మిగిలింది. టీవీ లేకపోతే ప్రాయోజకులు లేరు, ప్రాయోజకులు లేకపోతే వృత్తి అనేదే లేదు. అగ్రశ్రేణి ఆటగాళ్లు పదహారు మంది పాత సంఘం నుంచి విడిపోయి వేరే సంస్థ పెట్టుకున్నారు. అదే ఇప్పటి పీడీసీ. పాత సంఘం వాళ్లను నిషేధించింది. 1994లో ఎసెక్స్‌లోని సర్కస్ టావెర్న్‌లో తమ సొంత ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టుకున్నారు. ఆ మొదటి ఫైనల్లో డెనిస్ ప్రీస్ట్‌లీ చేతిలో టేలర్ 6-1తో చిత్తయ్యాడు. ఆ గడ్డు రోజుల్లో వీళ్లిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరు గెలిచినా వచ్చిన డబ్బు చెరి సగం. మైదానంలో ప్రత్యర్థులు, ఇంటి బియ్యం దగ్గర భాగస్వాములు. ఒకడు తప్పినా ఇద్దరికీ దారి మిగిలే ఏర్పాటది. ఒకే రంగంలో ఫ్రీలాన్సర్లుగా ఉన్న స్నేహితులు ఇలాంటి ఆలోచన చేయడం నేను చాలా అరుదుగా చూశాను. చేస్తే బాగుంటుంది.

ఇప్పుడు పరిస్థితి వేరు. 2025లో పదిహేడేళ్ల ల్యూక్ లిట్లర్ లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మైకేల్ వాన్ గెర్వెన్‌ని 7-3తో ఓడించి, ఐదు లక్షల పౌండ్లు అందుకున్నాడు. ఆ మరుసటి ఏడాదికి విజేత బహుమతిని పది లక్షల పౌండ్లకు పెంచారు. వార్తల్లో ఆ అంకెలే కనిపిస్తాయి. వాటి కింద ఉన్న రోజువారీ బతుకు కనిపించదు. వృత్తి ఆటగాడు కావాలంటే టూర్ కార్డు కావాలి. అవి మొత్తం 128. ఏటా జనవరిలో జరిగే క్యూ-స్కూల్ పోటీల్లో వందలమంది పోటీపడితే కొద్దిమందికి దొరుకుతుంది. దొరికినా రెండేళ్లకే. ఆ రెండేళ్లలో గెలిచిన డబ్బే ర్యాంకు. రెండేళ్లు దాటిన డబ్బు లెక్కలోంచి రాలిపోతుంది. మొదటి 64 మందిలో ఉంటే కార్డు నిలుస్తుంది, లేకపోతే మళ్లీ క్యూ-స్కూల్ మెట్లెక్కాలి. జీతం లేదు. ప్రయాణం, హోటల్, తిండి సొంతం. ప్రేక్షకులు లేని హాల్లో, వరసగా పెట్టిన బోర్డుల దగ్గర పొద్దుట మొదలయ్యే పోటీలో మొదటి మ్యాచ్ ఓడితే చేతికి ఒక్క పౌండు కూడా రాదు.

ఈ లెక్కలో సరిగ్గా అడుగేసిన మనిషి రాబ్ క్రాస్. ఎలక్ట్రీషియన్. కార్డు లేనివాళ్ల కోసం పెట్టే ఛాలెంజ్ టూర్‌లో 2016లో, చేతిలో పని ఉండగానే ఆడాడు. అందులో అందరికంటే పైన నిలిచి కార్డు సంపాదించాకే 2017లో పూర్తిస్థాయి ఆటగాడయ్యాడు. 2018 జనవరి 1న, తన మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే ఫైనల్ గెలిచాడు. వృత్తిలోకి వచ్చి ఏడాది కాలేదు. అందరూ ఆ ఏడాది వేగాన్నే చూస్తారు. దానికి ముందు ఛాలెంజ్ టూర్‌లో గడిచిన సంవత్సరమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. పగలు వైర్లు, సాయంత్రం బోర్డు. తన స్థాయి ఏమిటో చిన్న ఖర్చుతో తెలుసుకున్న సంవత్సరమది. మీ రంగంలో ఛాలెంజ్ టూర్ లాంటిది ఏదో వెతకండి. తక్కువ ఖర్చుతో, అసలైన పోటీదారుల మధ్య మీ పని నిలుస్తుందో లేదో తేలే చోటు ఏదో ఒకటి ఉంటుంది.

ఏ జాగ్రత్తకూ లొంగని కష్టం కూడా ఈ వృత్తిలో ఉంది. దాన్ని డార్టైటిస్ అంటారు. 1986 ప్రాంతంలో, ఆటలో శిఖరం మీద ఉన్న బ్రిస్టోకి అది పట్టుకుంది. చెయ్యి వెనక్కి వస్తుంది, ముందుకు వెళ్తుంది, వేళ్లు మాత్రం డార్ట్‌ని వదలవు. లక్షలసార్లు ఆలోచించకుండా చేసిన పని ఒక్కసారిగా చేతకాకుండా పోతుంది. ఐదు టైటిళ్ల తర్వాత బ్రిస్టో మళ్లీ ప్రపంచ టైటిల్ గెలవలేదు. అయితే 1987, 1989, 1990, 1991 ఫైనల్స్ ఆడాడన్నది చాలామంది మరిచిపోతారు. 1997లో టేలర్‌తో సెమీఫైనల్లో 5-4 దాకా తెచ్చాడు. వేళ్లు మాట విననివాడు చేసిన పని అది.

మీ చేతికి అలవాటైన పని ఒకరోజు చేతిలోంచి జారిపోతే భయపడటం సహజం. అప్పుడు మనం చేసేది ఇంకా బిగుసుకుని, ఇంకా ఎక్కువ గంటలు కూర్చోవడం. అది చాలాసార్లు ముడిని ఇంకా బిగిస్తుంది. కొన్నాళ్లు స్కోరు రాయకుండా ఆడండి, అంటే ఫలితం లెక్కకు రాని చోట ఆ పని చేయండి. ఎవరితోనైనా చెప్పుకోండి, అవసరమైతే నిపుణుల దగ్గరికి వెళ్లండి. ఒకప్పుడు ఇళ్ల పైకప్పులు వేసే పని చేసిన ల్యూక్ హంఫ్రీస్ తనను పట్టిపీడించిన ఆందోళన గురించి దాచకుండా అందరిముందూ మాట్లాడాడు. 2024లో ప్రపంచ విజేత అయ్యాడు. ఫైనల్లో పదహారేళ్ల లిట్లర్‌ని 7-4తో ఓడించాడు.

టేలర్ మొత్తం పదహారు ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. వాటిలో 1995 నుంచి 2002 దాకా వరసగా ఎనిమిది. కానీ నేను అతని దగ్గర నేర్చుకోవాలనుకునేది 2007 తర్వాత రెండేళ్లు. ఆ ఏడాది ఫైనల్లో రేమండ్ వాన్ బార్నవెల్డ్ మీద మూడు సెట్లు వరసగా గెలిచి, చివరికి 7-6తో, అదీ ఆఖరి లెగ్‌లో ఓడిపోయాడు. మరుసటి ఏడాది క్వార్టర్ ఫైనల్లోనే వేన్ మార్డిల్ చేతిలో ఇంటిదారి పట్టాడు. వయసు 47. ఇక అయిపోయిందని అందరూ అనుకోవడానికి తగిన సమయం. 2009 ఫైనల్‌కి మళ్లీ వచ్చాడు, ఎదురుగా అదే వాన్ బార్నవెల్డ్. 7-1. మూడు డార్ట్‌లకు సగటు 110.94. 2013లో, 52 ఏళ్ల వయసులో, వాన్ గెర్వెన్ మీద 2-4తో వెనకబడి వరసగా ఐదు సెట్లు గెలిచి ఆఖరి టైటిల్ పట్టుకెళ్లాడు. ప్రతి ఓటమి తర్వాతా అతనికి ఒక సరి సంఖ్య మిగిలి ఉండేది. ఆట మీద ఆకలి, ఏదైనా మార్చుకోవడానికి సిగ్గుపడని గుణం, రేపు పొద్దున్నే బోర్డు ముందుకు వెళ్లే అలవాటు.

ఆ అలవాటు దగ్గరికే ఇప్పుడు వద్దాం, ఎందుకంటే మీరు ఈ పుస్తకం మూసి చేయగలిగింది అదే. 1988 ప్రపంచ విజేత బాబ్ ఆండర్సన్ పేరు మీద ‘బాబ్స్ 27’ అనే సాధన ఉంది. 27 పాయింట్లతో మొదలుపెడతారు. ముందు డబుల్ 1కి మూడు డార్ట్‌లు. తగిలిన ప్రతి డార్ట్‌కీ రెండు పాయింట్లు కలుస్తాయి. మూడూ తప్పితే రెండు పోతాయి. తర్వాత డబుల్ 2, తగిలితే నాలుగేసి, మూడూ తప్పితే నాలుగు పోవడం. ఇలా డబుల్ 20 దాకా, ఆపైన బుల్ దాకా. మధ్యలో స్కోరు సున్నాకి గానీ దాని కిందికి గానీ పడితే అక్కడితో ఆట సరి, మళ్లీ 27 నుంచి. మొదటి ఐదు డబుల్స్ వరసగా తప్పితే ఐదోదాని దగ్గరే ఆట ముగుస్తుంది. ముందుకు పోయేకొద్దీ తప్పు ఖరీదు పెరుగుతుంది, సరిగ్గా అసలు ఆటలో లాగే. ట్రిబుల్ 20కి గంటల తరబడి వేస్తే చూడటానికి బాగుంటుంది, ఒళ్లు పులకరిస్తుంది. లెగ్ తేలేది మాత్రం డబుల్ దగ్గర.

మీ పనిలో డబుల్ ఏమిటి? గాయకుడికి కచేరీలో మొదటి కీర్తన కావచ్చు. సేల్స్‌లో ఉన్నవాడికి డబ్బు అడిగే ఘడియ. సాఫ్ట్‌వేర్ వాడికి కోడ్ అంతా అయ్యాక కస్టమర్ చేతికి అప్పగించే రోజు. రచయితకు చివరి పేజీ. అదేదో తేల్చుకుని, దాన్ని మాత్రమే విడిగా సాధన చేయండి. పని మొత్తం మొదటినుంచీ చేసుకుంటూ వస్తే ఆ చోటికి వచ్చేసరికి అలసిపోయి ఉంటారు, ఏళ్లు గడిచినా అది బలహీనంగానే ఉండిపోతుంది. రోజూ ఒక గంటలో ఇరవై నిమిషాలు దానికి పెట్టండి. కొద్దిపాటి పాయింట్లతో మొదలుపెట్టి, తప్పితే పోయేలా, కష్టం పెరిగేకొద్దీ ఎక్కువ పోయేలా మీ సొంత నియమం రాసుకోండి. నోటుపుస్తకంలో ఏ అంకె దగ్గర ఆట ముగిసిందో తారీఖుతో వేయండి. మొదటి వారం చాలా రోజులు ఐదో గడి దాటరు. రెండో నెలలో ఎప్పుడో డబుల్ 12, 13 దాకా వెళ్తారు, ఒక రోజు మళ్లీ మూడో గడి దగ్గర వణుకుతారు. ఆ రోజు కూడా రాసి పెట్టండి.